నల్లబండల మీద తెల్లమచ్చలు

ఎమ్మిగనూరులో ఉన్నన్నాళ్లూ మా స్నానాలు పెరట్లో, తడిక చాటున, ఒక నాపరాయి మీద. గోడే లేదు కనుక గోడకు సబ్బు పట్టే ప్రశ్న లేదు. 1980లో మా ఆయనకు ఆదోని బడికి బదిలీ అయింది. అక్కడ ఇల్లు కట్టుకునేటప్పుడు ఆయన స్నానాల గదికి భుజమెత్తు దాకా పాలిష్ పెట్టిన నల్లటి కడప బండలు వేయించి, పైన తొట్టి కట్టించి, పళ్లెమంత షవరు బిగించారు. ఇంటికి ఎవరు వచ్చినా ముందు అది చూపించేవారు. కాఫీ తరువాత.

మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో సబ్బు నురగ కట్టదు, విరిగిన పాలలా తునకలవుతుంది. చెంబుతో పోసుకుంటే ఆ తునకలు కాళ్ల దగ్గర పడి తూము దారి పట్టేవి. షవరు వాటిని నాలుగు గోడలకూ చిమ్మింది. 1981 ఎండాకాలానికి నల్లబండల మీద పలచగా సున్నం కొట్టినట్టు ఒక పొర. చీపురుతో రుద్దితే పోదు, చన్నీళ్లకు కదలదు. ఇంతా చేసి ఇంట్లో సబ్బు వాడేది ఆయన ఒక్కరే. నేనూ అత్తగారూ సున్నిపిండి మనుషులం.

అత్తగారికి అప్పటికి డెబ్బై ఏళ్లు. మామగారు మంత్రాలయం దగ్గరి పల్లెలో గుడి సేవ చేసినన్నాళ్లూ ఆమె ఏ మడి పాటించారో, ఆయన పోయాక మా దగ్గరికి వచ్చినా అదే మడి. సబ్బులో జంతువుల కొవ్వు కలుపుతారని ఆమె ఎక్కడో విన్నారు. కాబట్టి గోడ మీది పొర ఆమెకు మురికి కాదు, మైల. స్నానం చేసి బయటికి వస్తూ మోచెయ్యి గోడకు తగిలిందా, మడి పోయినట్టే. మళ్లీ మొదటి నుంచీ నీళ్లు పోసుకోవాలి. మడి నిలవనిదే మెతుకు ముట్టరు. గది వెడల్పు చూస్తే మూడున్నర అడుగులు. తలుపు దగ్గర ఇంకా ఇరుకు. ఎవరి మోచెయ్యి తగలదు?

దశమి నాడు ఆమె గుమ్మంలో నిలబడి నన్ను పిలిచారు.

"ఏమే, ఎల్లుండి ద్వాదశి. పారణ పొద్దున్నే ఉండాది. ఈ గోడ ఇట్లే ఉంటే నేను యాడ స్నానం చేసేది? చింతపండు ఏసి తోము."

"వద్దత్తయ్యా, చింతపండుకు ఈ బండ కాలుతుంది."

"రాయి కాలుతాదంట! ఇత్తడి బిందెకు పోయే చిలుము గోడకు పోదా?"

ఆమెను వంటింట్లోకి పిలుచుకుపోయి గట్టు చూపించాను. అదీ కడప బండే. పులుసు గిన్నె దించే చోట గుండ్రంగా, నిమ్మకాయ కోసే చోట చుక్కలు చుక్కలుగా పాలిష్ పోయి తెల్లబారి ఉంది. ఆమె వంగి శ్రద్ధగా చూశారు.

"ఇది నువ్వు సరిగా తుడవక" అన్నారు.

చింతపండు నానేసి తెచ్చి, ఆమె అజమాయిషీలో తలుపు పక్క గోడ రుద్దాను. సబ్బు పొర పోయింది, కాదనను. కానీ ఆరాక చూస్తే అంతకన్నా పెద్ద తెల్లమచ్చలు. రాయికి నిగారింపు పోయి, గుడ్డి కన్నులా ఉంది.

"చూడు, సబ్బు ఇంకా ఉండాది. ఇంకొంచెం ఏసి తోము."

"అది సబ్బు కాదత్తయ్యా, రాయే. మీకు దండం పెడతా, చాలు."

మర్నాడు ఏకాదశి. ఆమె మంచినీళ్లు కూడా ముట్టకుండా జపంలో కూర్చున్నప్పుడు మిగిలిన మూడు గోడలూ నా పద్ధతిలో చేశాను. చెంబుడు వేడినీళ్లకు రెండు చెంచాల చాకలి సోడా. పాత పంచె గుడ్డను అందులో ముంచి, గోడకు అతికినట్టు పరిచి, పొర నానేదాకా ఉంచాలి. మెత్తగా తుడిచి, నీళ్లు పోసి కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తాలి. మొండికేసిన చోట రెండోసారి నానబెట్టాలి గానీ గట్టిగా రుద్దకూడదు. కొబ్బరిపీచు, ఇసుక, బూడిద దగ్గరికి రానీయకూడదు. అవి పొరతోపాటు పాలిష్‌నూ గీకేస్తాయి. పోయిందో లేదో గోటితో గీసి చూడాలి: గోటికింద తెల్లగా వస్తే సబ్బు, ఏమీ రాకపోతే రాయి. సాయంత్రానికి మూడు గోడల్లో నా ముఖం కనబడింది.

మా ఆయన బడి నుంచి వచ్చి చూశారు.

"తలుపు పక్కది మరిచిపోయినావే" అన్నారు.

ద్వాదశి నాడు పంచాంగం ప్రకారం ఎనిమిదిలోపు పారణ కావాలి. దాటితే ఉపవాసం చేసిన ఫలం లేదు, ఆ పూట కూడా తినననే మనిషి. ద్వాదశి వంటలో మా ఇళ్లలో చింతపండు వాడం. ఉసిరికాయ వేసి చారు, అవిశాకు కూర చేసి విస్తరి వేశాను. ఏడుంబావుకు ఆమె స్నానం ముగించి తలుపు తీశారు.

"అయ్యో, తగిలె!"

తలుపు మళ్లీ మూసుకుంది. రెండోసారీ అదే. మూడోసారీ తగిలింది, చెంబు చేతిలోంచి జారి బండ మీద పడిన చప్పుడయింది.

"అత్తయ్యా, అది సబ్బు కాదు. గోటితో గీసి చూడండి."

"గీస్తే తగలదా? నన్ను మైల పడమంటావా?"

"అయితే నేను గీసి చూపిస్తా."

"నీ గోటికి కండ్లు ఉండాయా, నా కండ్లకు తెల్లగా కనపడతాంటే!"

గొంతు బొంగురుపోయింది. ముందు రోజు తెల్లవారుజాము నుంచి చుక్క నీళ్లు లేవు. మా ఆయన వరండాలో గడియారం చూసుకుంటూ, "అమ్మా, సబ్బు కాదులేమ్మా, రా" అన్నారు.

"సబ్బు రుద్దుకునేది నువ్వు, నువ్వు సెప్తావా!" అని లోపలి నుంచి జవాబు.

ఎనిమిదికి పది నిమిషాలు. ఆమె పోసుకునే నీళ్లు తలుపు పక్కకు పడవు, అందుకే ఆ గోడ ఎప్పుడూ పొడిగా తెల్లగా ఉంటోంది. నేను మడిలోనే ఉన్నాను. పెరటి బావి నుంచి తోడి ఉంచిన మడినీళ్ల బిందె ఎత్తి, తలుపు సందులోంచి ఆ గోడ నిండా ఒంపాను. తడవగానే మచ్చలన్నీ నల్లగా రాయిలో కలిసిపోయాయి.

"ఇప్పుడు చూడండి, యాడుంది సబ్బు?"

లోపల చెంబు కింద పెట్టిన చప్పుడయింది.

"పోయినాదే! ఈ పని మొన్ననే చేసి ఉంటే సరిపోతుండె గదా!"

పళ్లు బిగబట్టి ఆకు దగ్గరికి నడిచాను. ఆమె నాలుగోసారి నీళ్లు పోసుకుని, చుట్టుకున్న తడిచీర ఎక్కడా తగలకుండా వచ్చి, మడిచీర కట్టుకుని కూర్చుని, గడియారం ఎనిమిది కొట్టక ముందే తీర్థం పుచ్చుకున్నారు. రెండో మారు చారు అడిగారు.

చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయి, ప్రహరీ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడను పిలిచారు.

"అమ్మీ, మీ బచ్చలింటి గోడకూ సబ్బు పట్టిందంటివే, బిందెడు బావినీళ్లు పొయ్యి, పోతాది. మా కోడలు రెండు దినాలు ఊరికే రుద్దినాది."

ఇందాక చెంబు పట్టలేకపోయిన మనిషి గొంతు ఇప్పుడు వీధి మలుపు దాకా వినబడుతోంది. గోడ ఆరేలోపు పోయి స్నానాల గది తలుపు వేసి గొళ్లెం పెట్టాను.