అమర్‌కంటక్‌కి పల్చని మిక్చర్

మా మామగారి అంబాసిడర్ కారును, అందులో మామగారిని, అత్తగారిని, మా ఆవిడను, పెద్ద డబ్బాడు పులిహోరను కలిపి, ఒక్క చిన్న పానాతో నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనుణ్ణి నేను. వరదలూ సమ్మెలూ చేయలేకపోయిన ఆ పనిని నేను ఒక సెలవురోజు పొద్దున్న, కప్పులో టీ చల్లారేలోపు చేసేశాను. ఎలా చేశానో చెబుతాను, నవ్వండి. ఆ రోజు మాత్రం నవ్వింది మా ఆవిడ సుశీల ఒక్కతే. అదీ కొంగు అడ్డం పెట్టుకుని.

అప్పట్లో నేను రాయ్‌పూర్‌లో రైల్వే గుమాస్తాను. మామగారు విజయనగరం వైపు నుంచి బొగ్గు ఇంజను నడపడానికి వచ్చి, ఇక్కడే రిటైరై, పాత అంబాసిడర్ ఒకటి కొన్నారు. దాన్ని ఆయన చూసుకున్నట్టు కొందరు కన్నబిడ్డల్ని కూడా చూసుకోరు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవారు. కాలనీ పిల్లలెవరైనా దాని మీద వేలు పెడితే, ఆ వేలు తన వీపు మీద పడినట్టు ఉలిక్కిపడేవారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి బండి నడపనా అని అడిగాను.

"పిల్లనడిగినావు, ఇచ్చీసినాను. బండి మాత్రం అడక్కు బాబూ" అన్నారు.

అలాంటి మనిషికి కంట్లో శుక్లాలు తీశారు. కొన్నాళ్లు స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు రైల్వే ఆసుపత్రి నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. కాలనీలో అందరూ ఆవిడను సిస్టరమ్మ అనేవారు. అమర్‌కంటక్ కొండ మీద నర్మద పుట్టిన చోటు చూడాలని ఆవిడకు ఎప్పటి నుంచో కోరిక. సెలవు పెట్టిన ప్రతిసారీ కాలనీలో ఎవరికో ఒకరికి నొప్పులు మొదలయ్యేవి. నర్మదమ్మ ఎక్కడికీ పోదులే అంటూ ఆవిడ మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయేవారు.

మామగారు తాళం చెవి నా చేతిలో పెట్టారు. పెట్టారే గాని, ఇంకా వదల్లేదు.

"చూడు బాబూ. మీ అత్తని కొండెక్కించి, క్షేమంగా దించినావంటే తాళం నీకాడే ఉంచుకో. నీ వల్ల దార్లో బండికి ఏటైనా అయ్యిందా, ఇంక ఈ జన్మకి స్టీరింగు ముట్టనివ్వను. సమఝ్ గయే?"

"సమఝ్ గయా మామయ్యా" అన్నాను. అప్పుడు వదిలారు.

బుద్ధున్నవాడైతే పెట్రోలు పోయించుకుని బయలుదేరేవాడు. నేను అంతకు ముందే రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఒక పత్రిక చదివి ఉన్నాను. మంచుకొండల బొమ్మ పక్కన ఒక వ్యాసం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుందట. కార్బురేటర్ మాత్రం పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది కాబట్టి మిక్చర్ చిక్కబడి, ఇంజను ఆయాసపడి, నల్లపొగ కక్కుతుందట. అందుకని ముందే పెట్రోలు తగ్గించి మిక్చర్ పల్చన చేసుకోవాలట. చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. మామగారి బండి కొండ మీద ఆయాసపడుతున్నట్టూ, నేను మాత్రమే దాన్ని కాపాడుతున్నట్టూ కళ్ల ముందు కనబడింది.

శంకర్ నగర్ మెకానిక్‌ను అడిగితే అతను బీడీ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"బాబూజీ, అమర్‌కంటక్ జా రహే హో కి లద్దాఖ్?"

వెళ్తున్నది అమర్‌కంటక్‌కా, లద్దాఖ్‌కా అని అతని ప్రశ్న. లద్దాఖ్‌కి వెళ్లే మొహమా నీది అన్నట్టు వినిపించింది నాకు. ఇతను పత్రికలు చదవడు పాపం అని జాలిపడి వచ్చేశాను. ప్రయాణం రోజు పొద్దున్నే బానెట్ ఎత్తి, కార్బురేటర్ అడుగున ఉండే నట్టును నేనే తిప్పాను. పత్రికలో రవ్వంత తిప్పమన్నారు. మన కొండ పెద్దది కదా అని ఇంకాస్త తిప్పాను. మామగారి మీద గౌరవంతో మరికాస్త తిప్పాను.

పులిహోర డబ్బా పట్టుకుని అత్తగారు వచ్చారు. "ఏటి చేస్తన్నావు బాబూ?"

"కొండగాలికి సరిపడేలా మిక్చర్ పల్చన చేశానత్తయ్యా."

"మా కాంపౌండర్ కూడా అలాగే పల్చన చేసీవోడు నాయినా. దాంతో ఒక్కడికీ ఏదీ తగ్గలేదు" అంటూ ఆవిడ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు.

ఊరు దాటకముందే బానెట్ కింద ఫట్‌మని పేలింది. మామగారు చెవి రిక్కించారు. సగం జీవితం ఇంజను చప్పుడు మధ్య గడిపిన చెవి అది.

"అల్లుడూ, దగ్గుతోందేటి?"

"మనం ఇంకా పల్లంలో ఉన్నాం కద మామయ్యా. దానికి కొండగాలి కావాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ చూడండి."

బిలాస్‌పూర్ దగ్గరకొచ్చేసరికి వేడి చూపించే ముల్లు పై గీతను పట్టుకుని వేలాడుతోంది. లారీలు మమ్మల్ని దాటిపోయాయి. దాటితే దాటాయి, లారీలు కదా. తరవాత ఒక ట్రాక్టరు దాటింది. తరవాత, చెబితే సిగ్గుచేటు, సైకిలుకు పాలక్యాన్లు కట్టుకున్న ఒక పెద్దాయన మా పక్కన కాసేపు కబుర్లాడుతూ తొక్కి, "పహుంచ్ జాహూ భైయా", చేరిపోతావులే తమ్ముడూ, అని దీవించి ముందుకు వెళ్లిపోయాడు.

"ఏవండీ, మనకు కొండగాలి ఎక్కడ మొదలవుతుంది?" అంది సుశీల.

"కొండ మీద."

"కొండ మీదకి ఎలా వెళ్తాం?"

"బండి లాగితే."

"బండి ఎప్పుడు లాగుతుంది?"

"కొండగాలి తగిలితే."

అప్పుడే కొంగు అడ్డం పెట్టుకుంది.

ఘాట్ రోడ్డు మొదట్లో ఒక కల్వర్టు దగ్గర బండి రెండుసార్లు పేలి, వణికి, ఆగిపోయింది. ఎంతసేపు స్టార్టు చేసినా మూలుగుతుందే గాని లేవదు. మామగారు దిగి, జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యేసినట్టు బానెట్ మీద చెయ్యేశారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆయన ఇక నా వైపు చెయ్యి చాపి తాళం చెవి అడగబోతున్నారని నాకు తెలిసిపోతూనే ఉంది. వెనక సీట్లో అత్తగారు నర్మదకి ఇద్దామని తెచ్చిన పసుపు కుంకుమల సంచీ ఒళ్లో పెట్టుకుని, పైకి కొండవైపు చూస్తున్నారు. అదే నాకు ఇంకా బాధేసింది.

నేను చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. గాలి ఇంకా చాల్లేదేమోనని, పానా తీసి ఆ నట్టును మరికాస్త అదే వైపు తిప్పబోయాను.

"ఆగు" అన్నారు అత్తగారు.

ఆ గొంతు వింటే ఆసుపత్రిలో డాక్టర్లు కూడా ఆగేవారట. ఆవిడ దిగి వచ్చి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డారు.

"నిన్న బండి ఎలగుంది?"

"నిక్షేపంలా ఉంది."

"ఇయ్యాల మందు మార్చినావు. ఎవరు మార్చమన్నారు?"

"పత్రికలో..."

"పత్రిక రోగిని చూసిందా?"

"లేదు."

"దగ్గు ఎప్పుడు మొదలైంది? మందు మార్చాకా, ముందా?"

కారు చరిత్రలో అంత సూటిగా రోగనిర్ణయం ఎవరూ చేసి ఉండరు. ఆవిడకు కార్బురేటరంటే ఏమిటో తెలీదు. పెట్రోలు ముందు నుంచి పోస్తారో వెనక నుంచి పోస్తారో కూడా తెలీదు. మనిషికైనా యంత్రానికైనా, మార్చిన తరవాత పాడైతే మార్చినదే తప్పని మాత్రం తెలుసు. నేను అంత పత్రిక చదివీ తెలుసుకోనిది అదే.

"తప్పంతా నాదే మామయ్యా. బండికి ఏ రోగమూ లేదు. నేనే కెలికాను" అన్నాను తలొంచుకుని.

"మందు మళ్లీ చిక్కన చెయ్యి" అన్నారు అత్తగారు.

"ఎంత తిప్పానో గుర్తులేదత్తయ్యా!"

"మీ మామకి చెవుల్లేవా?"

కాస్త చల్లారనిచ్చి, నట్టును వెనక్కి తిప్పాను. సుశీల స్టార్టు చేసింది. మామగారు కళ్లు మూసుకుని, గార్డు జెండా ఎత్తినట్టు చెయ్యెత్తి నిలబడ్డారు.

"ఇంకా... ఇంకా... అరే, ఎక్కువైపోనాది, కొంచెం వెనక్కి... బస్!"

ఆ "బస్" అన్న చోట ఇంజను ఎంత హాయిగా, ఎంత నిండుగా మోగిందంటే, ఆ కల్వర్టు మీద నిలబడి నేను ఇద్దరికీ మనసులోనే దణ్ణం పెట్టాను. బండి ఘాట్ ఎక్కింది. నల్లపొగ లేదు, ఆయాసం లేదు. మా ముందు ఒక పాత బస్సు టాపు మీద జనాన్నీ, మూటల్నీ, ఒక మేకనీ ఎక్కించుకుని మలుపులు తిరుగుతోంది. పైన టీ దుకాణం దగ్గర ఆ డ్రైవరును ఆపుకోలేక అడిగాను, కొండెక్కేముందు ట్యూనింగ్ ఏం చేస్తావని.

"కైసీ ట్యూనింగ్ జీ? గేర్ డాలో, చఢ్ జావ్" అన్నాడు, టీ ఊదుకుంటూ. గేరు వెయ్యడం, ఎక్కెయ్యడం, అంతేనట.

అత్తగారు నర్మద పుట్టిన చోటున్న కుండంలో స్నానం చేసి, తడిజుట్టుతో, చిన్నపిల్లలా వెలిగిపోతున్న మొహంతో వచ్చారు. ఆ మొహం చూశాక, ఇక శిక్ష ఏదైనా సరే అనుకుని తాళం చెవి మామగారి ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసుకోలేదు.

"మా లోకోషెడ్డులో నేను ఇన్నేళ్లు పన్జేసినాను. ఇంజను చెడిపోతే బొగ్గుని తిట్టినోడున్నాడు, నీళ్లని తిట్టినోడున్నాడు. నేనే కెలికాను అన్నోణ్ణి నిన్నొక్కణ్ణే చూసినాను. స్టీరింగు నీకే. బానెట్ మాత్రం మీ అత్తకి."

అక్కడికక్కడే నర్మదమ్మ సాక్షిగా చేతిలో నీళ్లు పోసుకుని నేను ప్రతిజ్ఞ చేశాను: "నడుస్తున్న బండిని ఈ జన్మలో నేను బాగుచెయ్యను!"

"ఫ్యానూ రేడియో కూడా కలుపు నాయినా" అన్నారు అత్తగారు.

కలిపాను.