బొడ్రాయికి నలుగు పెట్టిన రోజు

1984 మాఘమాసంలో నన్ను మాచర్ల క్యాంపుకు పంపారు. శాసనాల శాఖలో ట్రైనీగా చేరి అప్పటికి కొద్ది నెలలే అయింది. రాళ్ల మీద, రాగిరేకుల మీద ఉన్న పాత రాతలకు నకలు తీసి, చదివి, ఆ పాఠాన్ని ఆఫీసుకు పంపడం మా పని. ‘రాళ్లు చదవడానికి కూడా జీతమిస్తారా?’ అని మా మేనమామ పెళ్లిళ్లలో నలుగురి ముందూ అడిగేవాడు.

క్యాంపులో నా పై అధికారి మస్తాన్ గారు, సీనియర్ అసిస్టెంటు. నరసరావుపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే కుటుంబంలో పుట్టి, చదువుకుని, పరీక్షలు రాసి ఈ శాఖలోకి వచ్చారు. కాకతీయుల కాలపు తెలుగు లిపిని ఆయనంత నిదానంగా చదివినవాళ్లను నేను తర్వాత కూడా చూడలేదు. నిదానం అన్నది మెప్పుగానే అంటున్నాను.

ఆ లిపి చూడగానే సొంత భాషలాగే అనిపిస్తుంది, చదవబోతే మొండికేస్తుంది. తలకట్లు ఇప్పటిలా ఉండవు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. వరస చివర మాట తెగితే మిగతా ముక్క కింది వరసలో ఎత్తుకుంటుంది. నేను తెలుగు ఎం.ఏ. చదివి వచ్చాను కాబట్టి రెండక్షరాలు దొరికితే చాలు, మిగిలిన వాక్యమంతా అల్లేసేవాణ్ణి. దానాలు ఇచ్చినప్పుడు రాసే మాటలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి కనుక పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిపోయేది కూడా. మస్తాన్ గారికి ఆ ఎనిమిది నచ్చేవి కావు. ‘కనపడిందే రాయ్ నాయనా. తెలిసింది తర్వాత రాసుకుందువుగాని’ అనేవారు. మొదటి నెలంతా నాతో అక్షరాలు బొమ్మల్లా గీయించారు తప్ప ఒక్క వాక్యం చదవనివ్వలేదు. నాకు లోపల ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు దుర్గి నుంచి ఒక శిల్పి కబురు పంపాడు. దగ్గర్లోని ఒక ఊరివాళ్లు కొత్త బొడ్రాయి చెక్కమని అతనికి పని అప్పగించారట. కొలతలకని వెళ్లి చూస్తే, పాత రాయి మీద పేరుకున్న నూనె, కుంకుమ కింద అక్షరాలు చేతికి తగిలాయట. బొడ్రాయి అంటే ఊరి నడిమధ్య పాతిన రాయి. ఊరికది బొడ్డు, అమ్మవారి రూపం. ఆ ఊళ్లో కొత్త రాయి నిలిపేటప్పుడు పాతదాన్ని బయట పారేయరు. అదే గుంటలో అడుగున పరిచి, దాని మీదే కొత్తది నిలుపుతారు. అంటే ఆ రాత ఇక మనిషి కంటికి కనపడదు. కబురు మాకు చేరేసరికి ప్రతిష్ఠకు రెండు రోజులే ఉంది, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బయల్దేరాం.

ఊరిపెద్ద వెంకయ్య గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. మజ్జిగ ఇప్పించారు. పని సంగతి చెప్పేసరికి మొహం మారింది. మేం నకలు తీసే పద్ధతి ఆయనకు మింగుడు పడలేదు. రాయిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతాం. తర్వాత దీపపు మసి, తుమ్మబంక కలిపిన సిరాను గుడ్డ ఉండతో అద్దుతాం. నలుపు మధ్య తెల్లగా అక్షరాలు తేలతాయి. దాన్ని ఎస్టాంపేజీ అంటారు.

“ఏంది సారూ, అమ్మోరిని బురుసెట్టి కొడతారా? ఊరు చల్లంగుంటదా?” అన్నారు వెంకయ్య గారు.

ఇంకో షరతు కూడా చెప్పారు. పొద్దుగూకగానే పొలి, అంటే బలి అన్నం, చల్లి పొలిమేర కట్టేస్తారు. ఆపైన ప్రతిష్ఠ అయ్యేదాకా ఊళ్లోవాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపల ఉండకూడదు. కనుక ఏం చేసినా ఆలోపే చేసుకుని వెళ్లిపోవాలి.

నేను సర్కారు ఉత్తర్వు చూపించబోయాను. మస్తాన్ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఏటా ఈ రాయికి నీళ్లు పోసేదెవరని అడిగారు. నాగమ్మ గారని ఒక పెద్దావిడను పిలిచారు. వాళ్ల పుట్టింటికి తరతరాలుగా ఆ హక్కు ఉందట.

“అక్కా, కొత్తమ్మ వస్తోంది, సంతోషం. మరి పాతమ్మను మట్టిలోకి పంపేముందు తలంటు పొయ్యరా?” అన్నారు మస్తాన్ గారు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి వెంకయ్య గారి మీద విరుచుకుపడింది. “ఒరేయ్ ఎంకయ్యా, ఇంట్లో ఆడపిల్లను పంపేటప్పుడే నలుగు పెట్టి పంపుతామే, ఊరిని కాసిన తల్లిని జిడ్డోడుతా గుంటలోకి దించుతావంట్రా?”

అంతే, పని మా చేతుల్లోంచి ఆడవాళ్ల చేతుల్లోకి పోయింది. అమ్మవారికి కాళ్లు కూడా కడగాలంది నాగమ్మ గారు. దాంతో మర్నాడు తీయాల్సిన రాయిని ఆ పూటే గుంటలోంచి లేపి పలకల మీద పడుకోబెట్టారు. సున్నిపిండి, కుంకుడు పులుసు బిందెలతో వచ్చాయి. మస్తాన్ గారు సలహా చెబుతూ దూరంగా నిలబడ్డారు. జిడ్డు వదలడానికి మా ఆఫీసులో రాసిపెట్టిన మందుల కంటే సున్నిపిండి మెరుగని ఆయనకు ముందే తెలుసు. రాయి బయటపడ్డాక బ్రష్షు తీస్తే వెంకయ్య గారు మళ్లీ నసిగారు. “నలుగు పెట్టేటప్పుడు పసిబిడ్డ వీపు చరచట్లా? ఇదీ అంతే. పక్కకు జరుగు” అంది నాగమ్మ గారు.

ఇన్నాళ్లూ భూమిలో ఉండి నూనె తగలని కింది సగం మీద కాగితం చక్కగా పట్టింది. ఎవరో ఒకాయన తన తల్లిదండ్రులకు పుణ్యంగా చెరువు తవ్వించి, దాని కింద పొలం దానం చేశాడు. చెరిపినవాడికి తగిలే పాపాలు వరసగా ఉన్నాయి. పై సగం మాత్రం మొండికేసింది. తరాల నూనె రాతి లోపలికి ఇంకిపోయి, పరిచిన కాగితం పరిచినట్టే జారిపోయింది. మూడోసారి కూడా జారాక మస్తాన్ గారు కాగితాలు కట్టేయమన్నారు.

ఆపైన పొద్దు వాలేదాకా ఊరికే కూర్చున్నారు. నాకు కాళ్లు నిలవడం లేదు. అవతల డప్పులు సరిచేసుకుంటున్నారు. ఆయన ఎదురు చూసింది ఏటవాలు ఎండ కోసం. ఎండ పక్కనుంచి పడితే ఎంత అరిగిన గీతకైనా నీడ వస్తుంది. గుంటల్లో మిగిలిన సున్నిపిండి కూడా అప్పుడు తెల్లగా కనిపించింది. ఆయన వంగి, చూపుడువేలితో తడుముతూ ఒక్కొక్క అక్షరమే చెప్పారు. నేను రాసుకున్నాను. ఊరంతా చుట్టూ మూగింది.

అయిదో వరసలో ‘పల్లినాటి’ అని వచ్చింది. పల్నాడుకు పాత పేరది. ఆ తర్వాత ఊరి పేరు రావాలి. నేను ఉత్సాహంగా ఈ ఊరి పేరే రాసేశాను. ఆయన వేలు అక్కడే ఆగింది. ఒకటికి నాలుగుసార్లు తడిమారు, అద్దం పెట్టి ఎండ తిప్పి చూశారు. నా కాగితం వైపు తిరిగి, అది కొట్టేసి, అక్షరాలు పోయినచోట పెట్టే చుక్కలు పెట్టమన్నారు.

“మా ఊరి పేరు లేదా సాయిబుగారూ?” అన్నారు వెంకయ్య గారు. ఆ గొంతులో పొద్దుటి పెద్దరికం లేదు.

“ఉండొచ్చు. నాకు కనపడలా.”

“మా తాతల నాటి రాయండీ. ఇంకే ఊరి పేరుంటది? ఉందనే రాయండి. రేపటికి మట్టిలోకి పోయేదే గదా, ఎవడొచ్చి చూస్తాడు?”

“అందుకే రాయలేనయ్యా. ఇంకెవరూ చూళ్లేరు గదా.”

నాకైతే వెంకయ్య గారి మీద జాలేసింది. పొద్దున్నుంచి మాకు మజ్జిగ పోసి, రాయి లేపించిన మనిషికి ఒక్క మాట చెబితే పోయేదేముందనిపించింది. మస్తాన్ గారు నాగమ్మ గారి వైపు తిరిగి, దణ్ణం పెట్టేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనిస్తారని అడిగారు. ఆవిడ రాయి మీద అరచెయ్యి ఆనించింది. సరిగ్గా ఆ చుక్కల చోటే.

“చెరిపింది ఎండా కాదు, వానా కాదు. మీ ఊరి చేతులే. అంతవరకు నేను చూసింది, అది రాస్తాను” అన్నారు మస్తాన్ గారు.

వెంకయ్య గారు కండువాతో మొహం తుడుచుకుని, “రాయండి” అన్నారు. డప్పు మొదలయ్యేసరికి మేం పొలిమేర దాటాం. మర్నాడు ఆ రాయి గుంటలోకి దిగింది.

మా నివేదికలో ఆ పాఠం అచ్చయింది. అయిదో వరసలో చుక్కలు, అడుగున ఒక గమనిక: ‘ఇచట గ్రామస్థులు చేయి ఆనించి మ్రొక్కుటచే అక్షరములు అరిగినవి.’ ఊరి పేరు ఊహించి కూడా రాయలేదేమని పై అధికారి తాఖీదు పంపారు. మస్తాన్ గారు ఒకే వాక్యంలో జవాబిచ్చారు: రాతి మీద లేదు.

తర్వాత నేను ఎన్నో శాసనాలు చదివాను, కొన్ని తప్పుగా కూడా చదివాను. రాయి బయట ఉన్నంతకాలం ఆ తప్పులను నా తర్వాతివాళ్లు వెళ్లి చూసి దిద్దారు. ఆ ఊళ్లో మేం రాసుకున్నదాన్ని దిద్దే వీలు ఎవరికీ లేదు. మస్తాన్ గారు చుక్కలు పెట్టించిన చోట నేను పేరు రాసి ఉంటే, ఈనాటికి అదే నిజమై కూర్చునేది.