తీగల వంతెన మీద లెక్క

సరిహద్దు మీది మా సైనిక పోస్టుకు మధ్యాహ్నం రెండూ పదికి చేరాను. ఎత్తు పదకొండు వేల అడుగులు, మంచు మోకాలి లోతు, వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. రోడ్డుకూ పోస్టుకూ నడుమ ఒక వాగు, దాని మీద నలభై మీటర్ల తీగల వంతెన. వంతెన కాపలా సైన్యపు ఇంజనీర్ల దళం హవల్దార్‌ది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నాతో ఆయన మొదటి మాటే తిట్టు.

"ఏయ్ మద్రాసీ, అడుగు కలపకు. కలిపితే వాగులో వెతుక్కోవాలి నిన్ను."

"మద్రాసీ కాదు ఉస్తాద్, తెలంగాణ. పటాన్‌చెరు పక్కన లక్డారం."

"ఏ ఊరైతేనేం, అడుగు విడగొట్టు."

ఆయన హిందీలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను. ప్రతి వంతెనకూ తన ఊపు తనకుంటుందట. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ వేలితో తోసినా చాలు, ఎత్తుకు పోతుంది. మా బూట్లు వంతెన ఊపుతో కలిశాయా, అంతే సంగతులు. కవాతు చేసీ చేసీ సిపాయి కాళ్ళు చెప్పకుండానే కలిసిపోతాయి, మామూలు మనుషులకు ఆ జబ్బు తక్కువ. అందుకని ఉస్తాద్ ఒక పద్ధతి పెట్టాడు. వంతెన మీద ఎవడికి వాడు సొంత భాషలో, తనకు తోచిన వేగంతో, పైకి లెక్కపెడుతూ నడవాలి.

మా రేడియో ఆపరేటర్‌ది కర్దనూరు. ఒకరోజు బంకర్లో అడిగాడు: "అన్నా, మోర్టార్ గోలా తల మీదికెల్లి పోతుంటే కూత మారుతది సూడు, అది గూడ గీ వంతెన ఊపు లెక్కనేనా?"

నాకూ అదే అనుమానం. ఇంటర్లో అనునాదం, డాప్లర్ ప్రభావం రెండూ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, తేడా మాత్రం తలకెక్కలేదు. ఉస్తాద్‌ని అడిగితే విసుక్కున్నాడు.

"గోలా కూత మారదు. అది వస్తుంటే అలలు దగ్గరపడి నీ చెవికి సన్నగా వినబడుతుంది. దాటిపోతుంటే అలలు సాగి బొంగురుగా వినబడుతుంది. తేడా నీ చెవికే, గోలాకు కాదు. వంతెన అట్లా కాదు. నిజంగా ఊగేది అదే, ఊపు పోసేది నువ్వే. కూత బొంగురైతే గోలా దాటిపోయిందని ఊపిరి పీల్చుకో. వంతెన ఊగితే మాత్రం ఆగు."

రెండు నెలలకు ఆ పరీక్ష వచ్చింది. ఉదయం పదీ నలభై. రేషన్ మోసుకుంటూ పదకొండు మందిమి వంతెన మీద ఉన్నాం. ముందు నేను, నా వెనక ఆపరేటర్. మోర్టార్లు మొదలయ్యాయి. అవతలి ఒడ్డు నుంచి మా ఆఫీసర్, కొత్తగా వచ్చిన సాబ్, అరిచాడు: "దౌడ్ కే చల్!"

కవాతు పరుగు తీయమన్న ఆ ఆజ్ఞ చెవిన పడగానే పదకొండు జతల బూట్లు ఒక్కటయ్యాయి. పది అడుగులకే చెక్క నా కాలిని పైకి తన్నింది. ఇంకో పది అడుగులకు ఒక చెక్క ఊడి వాగులో పడింది. అప్పుడే తల మీద సన్నగా వస్తున్న కూత బొంగురైంది. దాటిపోయింది.

నేను చేతులు చాపి దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఆగండి. ఎవరూ కదలొద్దు."

"ఇది నా ఆర్డర్" అని సాబ్ కేకలు.

"ఆర్డర్ తర్వాత సాబ్, ముందు వంతెన" అన్నాను.

ఆ గోలా దిగువన వాగు మలుపులో పేలింది. వంతెన ఊపు మెల్లగా తగ్గింది. ఒక్కొక్కరూ సొంత భాషలో లెక్కపెట్టుకుంటూ దాటాం. పదకొండు మందిమీ బతికాం.

ఆజ్ఞ ధిక్కరించానని సాయంత్రమే నా మీద కేసు రాశారు. క్షమాపణ రాసిస్తే పై ర్యాంకు, నాయక్ పట్టీ, వస్తుందన్నారు. రాయలేదు. తప్పు చేయనివాడు ఎందుకు రాయాలి? లాన్స్ నాయక్‌గానే ఇంటికొచ్చాను. సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను.

ఇప్పుడు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. మొన్న భద్రతా వారోత్సవాలకు మేనేజర్‌కు ఒక సరదా పుట్టింది. రెండు షెడ్ల నడుమ సన్నటి ఇనుప నడకదారి మీద యాభై మంది కార్మికులు కవాతు చేయాలట, వీడియో కోసం.

"కుదరదు సార్. అందరి అడుగులు కలిస్తే నడకదారి ఊగి విరుగుతది" అన్నాను.

"ఏమైతది? బయట లారీలు పోయినప్పుడు గూడ హారన్ మోత మారుతది, బిల్డింగ్ పడ్తదా?"

"అది చెవికి సార్. ఇది ఇనుముకు. కవాతే కావాల్నంటే నా నౌకరీ తీసేసి చేయించుకోండి."

ఆయన మొహం మాడ్చుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను కార్మికులను పది మంది చొప్పున పంపించాను. ఒడియా, భోజ్‌పురి, తెలుగు, ఎవరి భాషలో వాళ్ళు లెక్కపెడుతూ నవ్వుకుంటూ దాటారు. అందులో ఎవరో "ఏడు" అన్నారు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆ రోజు వంతెన మీద గోలా పేలాక వెనక్కి తిరిగి చూశాను. నా వెనకున్న ఆపరేటర్, మా కర్దనూరు పిల్లగాడు, రెండు చేతులా తీగ పట్టుకుని, కళ్ళు మూసుకుని, లెక్క ముందుకు పోక "ఏడు, ఏడు, ఏడు" అంటున్నాడు. "ఎనిమిది అను తమ్మీ" అన్నాను. అన్నాడు. అప్పుడు అడుగు తీశాడు.