పిల్లి పలకలూ, కుప్పంలో నా శత్రువూ

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: డబ్బు కట్టి తెలుసుకున్న విషయం అబద్ధం కాదని. ఊరికే వచ్చిన మాట మా అవ్వ చెప్పినా, బస్సులో పక్క సీటావిడ చెప్పినా నా చెవికి ఎక్కేది కాదు. అదే మాటకు నెలనెలా చందా కట్టించుకుని, కంప్యూటరు తెర మీద రంగుల గీతల్లో చూపిస్తే కళ్ళకద్దుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసులో అందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి ప్రేమ, కొందరికి క్రికెట్టు. నాకు మాత్రం సాఫ్ట్‌వేరు (అది రాసే పిచ్చి అయినా బాగుండేది, కొనే పిచ్చి).

మాది పుంగనూరు. రోజూ పొద్దున బస్సెక్కి మదనపల్లెకు పోయి, ఒక విత్తనాల ఆఫీసులో బిల్లులు కొట్టేదాన్ని. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. నాయన ఒకప్పుడు టమాట బాక్సులు మోసి, తర్వాత బడిలో అటెండరయ్యాడు. అమ్మ హాస్టల్లో వంట చేసేది. వాళ్ళకు నా ఉద్యోగం కొండంత. నాకేమో బస్సులో చూసే వీడియోల వల్ల అది పిడికెడంత అనిపించేది. వీడియోల్లో ఒక గురువు గడ్డం సవరించుకుంటూ చెప్పేవాడు: ఏదో ఒక సరుకు చేయించు, దానికి నీ పేరు అంటించు, ఆన్‌లైన్ అంగడిలో పెట్టు, నిద్రపోయి లే, డబ్బులు వచ్చి ఉంటాయి. ఏ సరుకు చేయించాలన్నది మాత్రం ఊహించకూడదట, దానికో సాఫ్ట్‌వేరు ఉందట. అది లేకుండా దిగేవాళ్ళు కళ్ళకు గంతలు కట్టుకుని బావిలో దూకేవాళ్ళట. నేను చందా కట్టాను. అంటే కళ్ళు బాగా తెరుచుకునే దూకానన్నమాట.

ఆ చందా డాలర్లలో ఉండేది. నా బ్యాంకు కార్డు డాలరు పేరు వినగానే మొరాయించింది. ఆఫీసులో నా పక్క సీటు అక్క తన క్రెడిట్ కార్డు ఇచ్చింది. "జాగ్రత్త మ్మే, మా ఆయనకు తెలిస్తే నన్నే అమ్మేస్తాడు ఆన్‌లైన్లో" అంది. నెలకు నా జీతంలో మూడో వంతు అట్లా పోయింది. దానికి బదులుగా ఒక గుండ్రం వచ్చింది. ఏ వస్తువు పేరు కొట్టినా ఆ గుండ్రం ఎర్రగానో, పసుపుగానో, పచ్చగానో వెలిగేది. పచ్చ అంటే గిరాకీ ఎక్కువ, పోటీ తక్కువ. పది రోజులు దొరికిన ప్రతి వస్తువూ కొట్టి చూశాను. చెంచాలు ఎరుపు, చాపలు ఎరుపు, గొడుగులు పసుపు. పదకొండో రోజు, బస్సు మదనపల్లె స్టాండులోకి తిరుగుతుండగా, ఒకటి పచ్చగా వెలిగింది. అది పిల్లులు గోళ్ళు గీరుకునే పలక.

ఇంటికెళ్ళి చెప్పాను.

"పిల్లికి గీరుకునేదానికి పలకా?" అంది అవ్వ.

"అవునవ్వా, పట్నాల్లో కొంటాండారు."

"దానికి దురదొస్తే అదే గీరుకుంటాది గదమ్మే. నడమ నువ్వు యాల?"

"దురద కాదవ్వా, గోళ్ళు పదును పెట్టుకునేదానికి."

"పదును పెట్టుకుని యాడికి పోతాదంట యుద్ధానికి?"

నాయన మెల్లగా అడిగాడు. "ఎవురైనా అడిగినారా పాపా?"

"వేల మంది వెతుకుతాండారు నాయనా. ఇదో, సూడు, పచ్చగా ఉండాది."

"వెతికేది సరే. నిన్ను అడిగినారా అంటాండా."

ఎంత పాతకాలం ప్రశ్న అని జాలిపడ్డాను. (ఆ ప్రశ్నకు నెలకు ఒక్క రూపాయి చందా పెట్టి ఉన్నా చేతులు కట్టుకుని విని ఉండేదాన్ని.) మా ఇంట్లో పిల్లి లేదు. మా వీధిలో ఉన్న పిల్లులు ఎవరి చేతికీ చిక్కేవి కావు. నేను ఒక్క పిల్లిని కూడా దగ్గర్నుంచి చూసి ఎరుగను. అదొక లోపమని నాకు తట్టనే లేదు.

మా మేనమామ వడ్రంగి. రెండువందల పలకలు కోసిచ్చాడు. నేను దాచుకున్నది చాలక, అమ్మ ఎనుమును కొనాలని కూడబెట్టుకున్నదీ అడిగాను. అమ్మ డబ్బు మూట చేతిలో పెడుతూ, "ఎనుమైతే సాయంత్రానికి పాలిస్తాది. నీ పిల్లి ఎప్పుడిస్తాదో" అని మాత్రం అంది. ఇక ప్రతి ఆదివారం ఇల్లంతా పలకలకు కొబ్బరి తాడు చుట్టేది. నాయన చుడితే తాడు బిగువుగా వచ్చేది. నేను చుడితే వదులు. అవ్వ చుడితే మధ్యలో ముడులు, ముడికొక తిట్టు. తాడు పీచుకు అందరికీ తుమ్ములు. మా సరుకుకి 'మార్జాల్' అని పేరు పెట్టి, ముద్ర కొట్టించి, ఆన్‌లైన్ అంగడిలో పెట్టాను.

మొదటి వారంలో రెండు అమ్ముడుపోయాయి. ఉద్యోగానికి రాజీనామా ఎట్లా రాయాలో మనసులో రాసుకున్నాను. రెండో వారంలో దిగాడు నా శత్రువు.

వాడి సరుకు పేరు 'కిట్టీరాజ్'. అదే పలక, అదే తాడు, నాకంటే ఐదు రూపాయలు తక్కువ. నేను బస్సులో కూర్చునే పది తగ్గించాను. పుంగనూరు దాటేలోపు వాడు ఐదు తగ్గించాడు. మదనపల్లె వచ్చేలోపు నేను ఇంకో ఐదు. అట్లా రోజూ పొద్దున ముప్పావు గంట సేపు, కండక్టరు చిల్లర ఇస్తున్నా చూడకుండా, ఎవరో తెలియని మనిషితో యుద్ధం చేసేదాన్ని. ఆ మనిషిని ఎట్లా ఊహించుకున్నాననుకున్నారు? ముంబయిలో ఇరవయ్యో అంతస్తు, ఏసీ గది, అద్దాల గోడ, నల్ల కోటు. వాడి చేతి కింద వందమంది కేవలం నా ధర చూడటానికే కూర్చుని ఉన్నారని నా నమ్మకం. శత్రువు పెద్దవాడైతే ఓటమికి కూడా ఒక హోదా ఉంటుంది కదా.

శత్రువు సరుకును పరిశీలించమని గురువు చెప్పాడు. పక్క సీటు అక్క పేరు మీద, ఆఫీసు చిరునామాకు కిట్టీరాజ్ పలక తెప్పించాను. మామ తూకం చూస్తానంటే ఇంకొకటి. మూడోది మాత్రం సిగ్గుపడుతూ చెప్పాల్సిన సంగతి. కొన్నవాళ్ళే అభిప్రాయం రాయాలి కాబట్టి, రాయడానికే కొన్నాను. "మా పిల్లి దీన్ని చూసి భయపడింది" అని రాసి ఒక్క నక్షత్రం ఇచ్చాను. ఆ రెండ్రోజులకే నా పలకకూ ఒక అభిప్రాయం వచ్చింది. "మా పిల్లి మొహం తిప్పుకుంది." ఒక్క నక్షత్రం. నాకు ఆ పిల్లి మీద ఎంత కోపం వచ్చిందో.

అంత కష్టంలోనూ ఒక్కటే ఓదార్పు. సాఫ్ట్‌వేరు మాత్రం గీత పైకి పోతోందని చూపిస్తూనే ఉంది. ఈ వస్తువుకు గిరాకీ పెరుగుతోంది, ఇదే అదను అంది. ఆ మాట నమ్మి పెద్ద చందాకు కూడా మారాను.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ, పక్క సీటు అక్క ఆ మూడో పార్సిలు కవరు తిప్పి చూసింది. "మ్మే, మీ ముంబయోడు కుప్పంలో ఉండాడే!"

పంపినవారి చిరునామా చిన్న అక్షరాల్లో ఉంది. నిజంగానే కుప్పం. మూడు పార్సిళ్ళు విప్పాను, ఒక్కసారి కూడా కవరు చూడలేదు. అన్ని గీతలూ చూసే నాకు అంటించిన కాగితం కనబడలేదు.

ఆదివారం పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. ఏం చేయాలని పోయానో ఇప్పటికీ తెలియదు. పోట్లాడాలనో, కాళ్ళు పట్టుకోవాలనో. చిరునామా దగ్గర కంపెనీ లేదు, రేకుల వరండా ఉన్న ఇల్లు ఉంది. బనియనుతో ఒకాయన, యాభై దాటిన మనిషి, కింద కూర్చుని పలకకు తాడు చుడుతున్నాడు.

"కిట్టీరాజ్ కంపెనీ ఇదేనా సార్?"

ఆయన గబుక్కున లేచి లోపలికి కేకేశాడు. "ఏమే! మన కంపెనీకి మనుషులొచ్చినారు! మంచం మీద గుడ్డలు తీయ్!"

ఆయన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాసే మనిషి. యూనిటు వారానికి మూడు రోజులే నడుస్తుంటే, మిగతా రోజులకు ఏదో దారి వెతుక్కున్నాడు. ఆ దారి నా దారే. నేను మార్జాల్ తాలూకు మనిషినని చెప్పగానే ఆయన మొహం తెల్లబడింది. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ సాఫ్ట్‌వేరేనామ్మా?"

"అవును సార్."

"పచ్చ గుండ్రం?"

"పచ్చే సార్."

"నాకొక్కడికే సూపిచ్చిందనుకుంటినే తల్లీ!" అని తాడుచుట్ట కింద పెట్టేశాడు. "నువ్వు బెంగళూరులో పెద్ద ఆఫీసనుకుంటాండా. పొద్దునపొద్దునే రేటు తగ్గిస్తాంటే, వీళ్ళకి నిద్ర లేదా అని తిట్టుకుంటాండా."

"నేను బస్సులో ఉంటాను సార్ ఆ టైముకి."

ఆయన భార్య కాఫీ, పళ్ళెంలో బజ్జీలు తెచ్చింది. తల ఎత్తి చూస్తే గూట్లో నా పలకలు నాలుగున్నాయి. మా అవ్వ వేసిన ముడులు నాకు తెలియవా. బెంగళూరులో ఉన్న బావమరిది పేరు మీద తెప్పించాడట, పరిశీలించడానికి.

"మదనపల్లెలో ఒకే ఆఫీసుకు మూడు పోయినాయమ్మా మావి. పర్లేదే, ఆడ గూడా పిల్లుల్ని బాగా సాకుతాండారు అని సంతోషపడితి" అన్నాడాయన.

"అవి నేనే సార్."

"అట్లయితే 'భయపడింది' అని రాసిందీ..."

"నేనే సార్. మరి 'మొహం తిప్పుకుంది' అని..."

ఆయన కాఫీ గ్లాసు వైపు చూశాడు. "మాకు పిల్లి లేదమ్మా."

"మాకూ లేదు సార్."

ఆయన భార్య అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటోంది. "అంటే మీరిద్దురూ ఒకరివి ఒకరు కొంటాంటే, అది జూసి ఆ మిషను గిరాకీ పెరిగిందంటాండాదా?" అంది. మేమిద్దరం చందాలు కట్టి నెలలు పట్టినా తెలుసుకోలేనిది ఆమె కాఫీ చల్లారేలోపు తేల్చేసింది. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నవ్వుతూ నవ్వుతూ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అందులో సగం అమ్మ ఎనుము కోసం వచ్చినవి. ఆమె అది కనిపెట్టి, ఇంకేమీ అడక్కుండా, నా పళ్ళెంలో ఇంకో రెండు బజ్జీలు వేసింది.

తర్వాత కథ చిన్నది. ఆ బావమరిదికి బెంగళూరులో కుక్కల, పిల్లుల సామాన్ల అంగడివాడు ఒకడు తెలుసు. ఇద్దరం చెరో పలకా పట్టుకుని కుప్పంలో రైలెక్కాం. అంగడాయన మా పలకను నేల మీద నిలబెట్టి వేలితో తోశాడు. అది బోర్లా పడింది. "పిల్లి నిలబడి, పైకి చేతులు చాపి, బరువంతా వేసి గీరుతుంది. ఇట్లా పడిపోతే రెండోసారి దగ్గరికి రాదు" అన్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు, ఊరికే చెప్పాడు. కుప్పం సారు తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించి, "బరువేగదా కావాల్సింది. మా యూనిటు బయట రాతి ముక్కలు గుట్టగా పడుండాయి" అన్నాడు. ఆ ముక్కలు అడుగున బిగించి పలకల్ని నిలబెట్టాం. అంత బరువు పార్సిల్లో పంపాలంటే గిట్టుబాటు కాదు కాబట్టి, ఇద్దరి సరుకూ కలిపి వ్యానులో ఆ అంగడికే వేశాం. లాభం రాలేదు, పెట్టిన డబ్బు తిరిగొచ్చింది. అమ్మ ఎనుము మాత్రం, ఆర్నెల్లు ఆలస్యంగా, ఇంటికొచ్చింది.

ఇప్పుడు నాకు మదనపల్లెలో చిన్న వ్యాపారం ఉంది. పిల్లలెవరైనా వచ్చి, "అక్కా, ఆ సాఫ్ట్‌వేరు కొనొచ్చా?" అని అడుగుతారు. కొనొద్దని చెప్పను. సరుకు గురించి తెలిశాక, కొనే మనుషులతో మాట్లాడాక, ఇంకా అనుమానం మిగిలితే ఒక్క నెలకు కట్టి చూసుకోండి, నేనూ అట్లాగే కడతాను అంటాను. ఎవరూ వినరు. ఊరికే చెబుతున్నాను కదా.

పోయిన ఎండాకాలం బెంగళూరులో ఒక స్నేహితురాలి ఇంటికి పోయాను. హాల్లో మూలన కొబ్బరి తాడు పలక, దాని అడుగున నల్ల రాయి. తాడు బిగువుగా ఉంది, నాయన చుట్టినదే. దాని రాయి మీద తెల్లపిల్లి ఒకటి, చల్లగా ఉందని కాబోలు, పొట్ట ఆనించి పడుకుని ఉంది. స్నేహితురాలు కాఫీ పెట్టడానికి పోయింది. నేను నేల మీద దాని ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి అది లేచి, ఒళ్ళు విరుచుకుని, పలక పక్కనుంచి మర్యాదగా నడిచి వెళ్ళి, సోఫాకు రెండు కాళ్ళూ ఆనించి హాయిగా గీరుకుంది.

అన్నేళ్ళ కిందట ఈ పని ఒక్కరోజు చేసి ఉంటే సరిపోయేది, ఒక పిల్లి ఎదురుగా కాసేపు ఊరికే కూర్చోవడం. కానీ బస్సులో ఫోను పట్టుకుని ముంబయితో యుద్ధం చేస్తున్న ఆ పిల్లకు ఆ మాట ఎవరు చెప్పగలరు? చెప్పినా ఎంత చందా అని అడిగేది.