భోజనాల బల్ల దగ్గర భాష

ఆ ఇంట్లో కోడలికి వినపడదు, అత్తకు నోరాగదు. అత్త వండుతూ మాట్లాడేది, వడ్డిస్తూ మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరినో దులిపేసేది. కోడలు వీధి చివర షాపులో బట్టలు కుట్టేది. ఎంత పేచీకోరైనా ఆమె కుట్టుకు వంక పెట్టలేకపోయేవాడు.

భోజనాల దగ్గరే వచ్చేది చిక్కు. అత్త ఏదో అనేది, కొడుకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. "ఏమిటి?" అని భార్య చేతులతో అడిగితే, చెయ్యి విదిలించి "ఏం లేదులే" అనేవాడు. పెళ్ళికి ముందు శ్రద్ధగా ఆమె చేతుల భాష నేర్చుకున్నవాడికే కంచం ముందు బద్ధకం. గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడలకు తెలిసినపాటి కబురైనా కోడలికి తెలిసేది కాదు. ఆమె తల వంచుకుని తినేసేది.

ఒకనాడు నాలుగేళ్ళ కూతురు పకపకా నవ్వింది. ఆ పిల్లకు వినపడుతుంది. చేతులతోనూ వాగుడే, అంతా నానమ్మ పోలిక. "ఏంటమ్మా?" అని తల్లి అడిగింది. పిల్ల అచ్చం తండ్రిలాగే చెయ్యి విదిలించింది.

మొగుడు విదిలిస్తే తల్లి ఓర్చుకుంది. పిల్ల కూడా దూరమైతే తనకు మిగిలేదెవరు? లేచి వెళ్ళి లైటు నాలుగైదుసార్లు ఆర్పి వెలిగించింది. వినపడనివాళ్ళు పదిమందినీ తమవైపు తిప్పుకునే పద్ధతి అదే. అత్త నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"రేపట్నుంచి ఈ బల్ల దగ్గర మాటలన్నీ చేతులతోనే. రానివాళ్ళకి నేను నేర్పుతాను. కుదరదంటే నేనూ నా పిల్లా వంటింట్లో తింటాం" అన్నాయి ఆమె చేతులు. భర్త ఆ మాటలు తల్లికి చెప్పాడు.

"ఈ వయసులో నాకు సైగలేంట్రా?" అని అత్త గయ్యిమంది.

"సైగలు కాదమ్మా, అది తన భాష. నీకు నేనే ఎప్పుడో నేర్పాల్సింది. తప్పు నాదే."

రెండ్రోజులు అత్త మూతి ముడుచుకుని తింది. చెప్పుకోలేని కబుర్లతో కడుపు ఉబ్బిపోయింది. మూడోనాడు తనే వచ్చి కోడలి ముందు చేతులు చాపింది. ఎంగిలి చేత్తో మాట్లాడబోతే మెతుకులెగిరి కొడుకు చొక్కా మీద పడేవి. ముఖం బిగించుకుని అడిగితే, కోడలు ఒప్పుకోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పించేది. ఈ భాషలో ముఖం కూడా మాట్లాడాలి మరి. అత్త విసుక్కున్నా ఆమె వదల్లేదు. పిల్ల ఇప్పుడు నవ్వొస్తే ముందు తల్లివైపే తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు, బల్ల చుట్టూ ఒకటే గోల. అత్త కోడలి మోచెయ్యి తట్టి, ఒడిలో చేతులు పెట్టుకుని తడబడుతూ చెప్పింది.

"మోకాళ్ళు నొప్పి. చాన్నాళ్ళుగా. వాడికి చెప్పకు, కంగారుపడతాడు. డాక్టరు దగ్గరికి నువ్వొస్తావా?"

"రేపు పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా" అంది కోడలు.

అంతమందిలో ఆ మాట వాళ్ళిద్దరికే తెలిసింది.