మిరప ఘాటు కాదన్న మేడం గారు

మా జువాలజీ మేడం గారు మొన్న పొద్దున పోయారు. ఫోన్ రాగానే స్టాఫ్ రూములో అందరి ముందే బావురుమన్నాను. సిగ్గేం లేదు. ఇవాళ నేను నాలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆవిడ చలవే.

మాది ప్రత్తిపాడు దగ్గర మిరప పండించే ఇల్లు. డిగ్రీ రెండో ఏడు మార్చిలో నా మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఎంత నిద్రపోయినా ఒళ్ళు లేవదు. కల్లంలో కాయలు ఎండుతున్న రోజులు కదా, ఇంటిల్లిపాదీ తేల్చేశారు: మిరప ఘాటు! అమ్మ మజ్జిగ మీద మజ్జిగ తాగించింది. నాన్నకు ఓపిక పోయింది. "పడుకునేదానికి కాలేజీ ఎందుకే? ఈ ఏడుతో మానెయ్," అన్నాడు. లోపల ఏడుపొస్తున్నా మళ్ళీ ముసుగు తన్ని పడుకున్నాను. వాదించే ఓపిక కూడా లేదు మరి.

పిల్లలు క్లాసుకి రాకపోతే మేడం గారు కబురు పంపే రకం కాదు, స్కూటీ తీసే రకం. సరాసరి కల్లం దగ్గరికే వచ్చారు. ఎండ మాడ్చేస్తుంటే నేను దుప్పటి కప్పుకుని ఎదురెళ్ళాను. ఆవిడ నా చల్లటి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఘాటు పడలేదండీ మేడం గారూ," అంది అమ్మ.

"ఘాటైతే రోజంతా కాయలు ఏరే మీ మొహం వాచాలిగా? పిల్లదే ఎందుకు వాచింది?"

నాన్న వైపు తిరిగారు. "బద్ధకం కాదండీ ఇది. నా అనుమానం థైరాయిడ్. మన ఒంట్లో కణాల్లో మైటోకాండ్రియా అని బుల్లి పొయ్యిలుంటాయి. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. ఎన్ని పొయ్యిలుండాలో, ఎంత మండాలో చెప్పేది గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను. అది తగ్గితే అన్నం తిన్నా మంట ఉండదు. రేపే గుంటూరు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. తిట్టడం తర్వాత."

ఆవిడ అనుమానమే నిజమైంది. రోజూ పరగడుపున మాత్ర. వారానికే "ఏం తగ్గలేదండీ" అని మేడం గారి దగ్గర గొణిగాను. "కొత్త పొయ్యిలు కట్టుకోవద్దూ? స్విచ్చేస్తే వెలగడానికి బల్బనుకున్నావా?" అని పెద్దగా నవ్వారు.

రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. నేను మిరప గోతాలు కుడుతున్నాను. నుదుటి మీంచి చెమట కారి కళ్ళలో పడింది. ఎన్నాళ్ళకో చెమట! మేడం గారు కొంగుతో తుడిచి, ఆ తడి నాన్నకు చూపించారు.

"చూడండి, పొయ్యిలు వెలిగాయి."

నాన్న నా చేతిలోంచి దబ్బనం లాక్కున్నాడు. "నేను కుడతాలే. పరీక్షలున్నాయిగా, పోయి చదువుకో." మేడం గారు తడి కొంగు పట్టుకుని అలాగే నవ్వుతూ నిలబడ్డారు.