బేగం బీకి రెండోవాడే ఇష్టం

మీకు ఏ హీరో ఇష్టమో బేగం బీకి మాత్రం చెప్పకండి. చెప్పారంటే ఆ క్షణం నుంచీ ఆమెకు రెండోవాడు ఇష్టం.

గుణదలలో మా ఎదురిల్లే ఆమెది. వీధి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు, కొంగు నిండా గుండుసూదులు, నోట్లో మరో రెండు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట తడబడకుండా వాదించగల మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను. ఇద్దరు పెద్ద హీరోలు కలిసి నటించిన సినిమాలంటే ఆమెకు ప్రాణం. ఒక్క హీరో ఉన్నది ఆమె దృష్టిలో అసలు సినిమానే కాదు.

"ఒక్కడే ఉంటే ఇంక మాట్లాడుకోడానికేముంది? చూడటం, ఇంటికి రావడం. దానికి సినిమా ఎందుకు, గుడివాడ బస్సెక్కి వచ్చినా అంతేగా!" అంటుంది.

అలాంటి సినిమాలన్నిటిలోకీ ఆమెకు ఇష్టమైంది 'అటొకడు ఇటొకడు'. నా చిన్నప్పుడు వచ్చింది. ధనుంజయ్, రవిశేఖర్ ఇద్దరూ మంచి ఊపు మీదున్న రోజుల్లో తీశారు. కృష్ణ వరదలో విడిపోయిన అన్నదమ్ముల కథ. ధనుంజయ్ జమీందారింట్లో పెరిగి గుర్రమెక్కి తిరుగుతాడు. రవిశేఖర్ పడవ నడుపుకుంటాడు. చివర్లో ఒకరికొకరు తెలియక వంతెన మీద కొట్టుకుంటారు. ఎవరి అభిమానులూ అలగకుండా దెబ్బలు సమానంగా పంచారు. ఒకడి పెదవి చిట్లితే రెండోవాడిదీ చిట్లుతుంది. ఒకడి చొక్కా చిరిగితే రెండోవాడిదీ చిరుగుతుంది. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి కింద పడతారు. ఆ పడటంలో ముందు ఎవరి వీపు నేలకు తగిలిందన్నది మా వీధిలో ఇప్పటికీ తేలలేదు. బేగం బీ తేలనివ్వలేదు.

ఒకసారి కంకిపాడు నుంచి అమలమ్మ గారని ఒకావిడ తమ్ముడి కూతురి పెళ్ళికి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చింది. కొలతలిస్తూ, గోడ మీద క్యాలెండరు చూసి, "ధనుంజయ్ కళ్ళు చూడండి, ఎంత బాగుంటాయో!" అంది పాపం.

"కళ్ళా? అవి కళ్ళాండీ? నిద్రలోంచి లేపితే చూసినట్టు! రవిశేఖర్ చూపు చూశారా మీరెప్పుడన్నా?"

అమలమ్మ గారూ తక్కువ మనిషేం కాదు. ఇద్దరూ పట్టు పట్టారు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. పెళ్ళి నాటికి చేతికందిన జాకెట్టుకి ఒక చెయ్యి కుచ్చులది, ఒక చెయ్యి నున్నటిది. "ఏంటండీ ఇది?" అని ఆవిడ ఫోన్ చేస్తే, "ఇద్దరు హీరోలన్నాక తేడా ఉండొద్దా అండీ!" అంది బేగం బీ. చిత్రమేమిటంటే అమలమ్మ గారు ఆ జాకెట్టు అలాగే వేసుకుని పెళ్ళికి వెళ్ళింది. ఇప్పటికీ ఆమె దగ్గరే కుట్టించుకుంటుంది. కాకపోతే పొద్దున బస్సుకే వస్తుంది.

బేగం బీ కొడుకు రఫీ ఆటో నడుపుతాడు. వెనకాల రవిశేఖర్ బొమ్మ వేయించుకున్నాడు. మా నాన్న శౌరయ్య గారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి, ధనుంజయ్ వీరాభిమాని. ఒకరోజు మా గేటు దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"మీ అమ్మకి రవిశేఖర్ పిచ్చి బాగా ముదిరింది రఫీ. కాస్త చెప్పరాదూ?"

"మా అమ్మకా? పొద్దున లేస్తే రవిశేఖర్‌కి నడక రాదు, నవ్వు రాదు అని నా ప్రాణం తీస్తంది బాబాయ్! ఆవిడ మీవాడి మనిషి!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కలిసి ఎదురింటి మీదకు దండెత్తారు. "నువ్వు ఎటు అమ్మా? తేల్చు," అన్నాడు నాన్న. బేగం బీ తల కూడా ఎత్తకుండా మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో వాళ్ళ మాటలు వాళ్ళకే వినపడలేదు. తర్వాత చూస్తే ఆ మిషనులో దారమే లేదు.

నిరుడు వానాకాలంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాటే సరిగ్గా రాలేదు. మనసులో ఒకటి అనుకుంటే నోట్లోంచి ఇంకొకటి వచ్చేది. మంచినీళ్ళు కావాలని మంచం ఇమ్మనేవాడు. ఒకరోజు వీధిలోకొచ్చిన కూరల బండి దగ్గర బెండకాయలు అడగబోయి, "అరకిలో బండరాళ్ళు," అన్నాడు. బండివాడు పకపకా నవ్వాడు. అతనికి మాత్రం ఏం తెలుసు! నాన్న సంచీ పట్టుకుని లోపలికి వచ్చేశాడు. ఆ రోజు నుంచీ నోరు తెరవడం మానేశాడు. అవునంటే తల ఊపడం, కాదంటే కళ్ళు మూసుకోవడం.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "అక్షయ గారూ, మీ నాన్నగారు మాట్లాడాలండీ. తప్పో ఒప్పో మాట్లాడుతూ ఉంటేనే వస్తుంది. మానేస్తే ఉన్నది కూడా పోతుంది."

ఎవరెన్ని చెప్పినా నాన్న పెదవి విప్పలేదు. అమ్మేమో ఆయనను అద్దాల బీరువాలో బొమ్మలా చూసుకునేది. చూడవచ్చినవాళ్ళు కూడా గుడిలో ప్రార్థన మధ్యలో వచ్చినట్టు మునివేళ్ళ మీద నడిచి, గుసగుసగా నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళేవారు.

అలాంటి ఇంటికి బేగం బీ వచ్చింది. కుర్చీ బర్రున లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా! 'అటొకడు ఇటొకడు' మళ్ళీ చూశానండీ, ఫోన్లో. మీవాడు గుర్రమెక్కి వస్తాడే, అప్పుడు ఎవరు హీరోనో తెలియలా నాకు. మొహంలో కాస్త కళ గుర్రానికే ఉంది."

నాన్న కళ్ళు ఎర్రబడ్డాయి.

మర్నాడూ వచ్చింది. "మీవాడి డాన్సు చూస్తే చెప్పులో చీమ దూరినట్టుంది." ఆ తర్వాత రోజూ వచ్చింది. "మీవాడు ఏడిస్తే హాల్లో జనం నవ్వారు." నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు. పెదవులు కదిలేవి. మాట మాత్రం వచ్చేది కాదు.

చివరికి అమ్మకు ఓపిక పోయింది. "వదినా, మీకు దణ్ణం పెడతాను. ఆయనకి బీపీ. జబ్బుమనిషిని ఉడికించడం మీకు సరదాగా ఉందా? ఇక రావద్దు."

బేగం బీ నోట్లో ఏ గుండుసూదీ లేదు. అయినా తిరిగి ఒక్క మాట అనలేదు. లేచి, కుర్చీ ఎత్తి తీసిన చోటే పెట్టి, వెళ్ళిపోయింది. ఆమె వాదించకుండా వెళ్ళడం నేను చూసింది అప్పుడే. ఎందుకో భయం వేసింది.

ఆ మర్నాటి నుంచీ నాన్న వరండాలో కూర్చుని ఎదురింటి తలుపు వంక చూసేవాడు. బేగం బీ కాఫీల వేళకు ఒకసారి గుమ్మంలోకి వచ్చేది, మా వైపు చూసేది, లోపలికి పోయేది. ఒక సాయంత్రం అలాగే వచ్చి వెనక్కి తిరగబోతుంటే, నాన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"గు... గుర్రం... కాదు!"

వీధంతా వినపడింది. వంటింట్లోంచి అమ్మ, గదిలోంచి నేను పరిగెత్తుకొచ్చాం.

"మావాడు... మావాడు... గుర్రం ఎక్కాడు!"

బేగం బీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎక్కితే సరిపోయిందా అన్నయ్యా? దిగేటప్పుడు చూశారా? బస్తా దించినట్టు దించారు ఇద్దరు పట్టుకుని!"

"అబద్ధం!" అన్నాడు నాన్న. అంత శుభ్రంగా అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, "వదినా, కాఫీ పెడతాను రండి," అని కేకేసింది.

ఇక రోజూ కాఫీల వేళకు యుద్ధమే. మేమైతే ఆయన తప్పు మాట అంటే చటుక్కున సరైన మాట అందించేవాళ్ళం. బేగం బీ అలా చేసేది కాదు. ఆయన ఏ మాట అంటే ఆ మాటతోనే వాదించేది.

"వంతెన మీద... మావాడు ఒక్క గుమ్మడికాయతో... పడగొట్టాడు!"

"గుమ్మడికాయతోనా? అదీ ఒక గొప్పేనా! మావాడు ఉత్త చేతుల్తో కొట్టాడు."

"గుమ్మడికాయ కాదు... గు... గు..." నాన్న నుదుటి మీద చెమట. నేను నోరు తెరవబోతే బేగం బీ నా కాలు తొక్కింది. "గుద్దు! ఒక్క గుద్దు!" అన్నాడు నాన్న.

"అట్లా చెప్పండి. గుద్దైతే ఒప్పుకుంటా. కానీ ముందు పడింది మీవాడే."

ఒకరోజు ఆమె దగ్గర కూర్చుని అడిగాను. "నిజం చెప్పు అత్తా. నీకు ఇద్దరిలో ఎవరు ఇష్టం?"

"ఇద్దరూ బాగానే ఉంటారు," అంది దారం కొరుకుతూ. "మా ఆయన సైదా ఉన్నాడే, అసలు మాట్లాడేవాడు కాదు. పెళ్ళైన కొత్తలో ఏమడిగినా 'ఊఁ' అనేవాడు. ఒకసారి సినిమాకి తీసుకెళ్ళాడు. బయటికొచ్చాక ఎవరు నచ్చారంటే రవిశేఖర్ అన్నాడు. నేను కూడా రవిశేఖరే అని ఉంటే ఇంకో 'ఊఁ' అని ఊరుకునేవాడు. ధనుంజయ్ అన్నా. ఇల్లు చేరేదాకా తిట్టాడు నన్ను. అంత మాట్లాడతాడని నాకు అప్పుడే తెలిసింది!" ఆమె నవ్వింది. "అమలమ్మ గారికి ఇంట్లో ఎవరున్నారు చెప్పు మాట్లాడటానికి? పాపం, ఆ రెండు బస్సులు పోనిచ్చింది ఊరికేనా!"

ఈ మార్చిలో 'అటొకడు ఇటొకడు' రంగులు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. రఫీ ఆటోలో అందరం గాంధీనగర్‌లో మ్యాట్నీకి వెళ్ళాం. నాన్న ఇంట్లో బాగానే మాట్లాడుతున్నాడు కానీ, బయటివాళ్ళ ముందు ఇంకా నోరు తెరవడం లేదు. డాక్టరు అడిగినా నా వైపే చూస్తాడు. హాల్లో కూడా ఇద్దరు హీరోలు వచ్చినప్పుడల్లా ఈలలకు చెవులు చిల్లులు పడుతుంటే ఆయన మాత్రం బేగం బీ చెవిలోనే ఏదో గొణిగాడు.

ఇంటర్వెల్‌లో నేను సమోసాలకు లేవబోతే ఆయన నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "నే... నేను తెస్తా," అని కర్ర పట్టుకుని బయలుదేరాడు. మేం వెనకే వెళ్ళి తలుపు దగ్గర ఆగాం. వరసలో ఆయన ముందు, రవిశేఖర్ బొమ్మ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పక్కవాడితో గట్టిగా చెబుతున్నాడు: "వంతెన మీద ముందు పడేది ధనుంజయ్‌ గాడేనండీ! చూడండి కావాలంటే!"

నాన్న ఆయన భుజం తట్టాడు. ఆయన తిరిగాడు. నాన్న ఏదో అన్నాడు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. నాన్న కర్ర గాల్లోకి లేచింది.

"మాట తడబడితే నవ్వుతారేమో! వెళ్ళవే అక్షయా!" అంది అమ్మ.

బేగం బీ మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. "వద్దు. పదండి లోపలికి. సినిమా మొదలవుతోంది."

లైట్లు ఆరిపోయాయి. పాటొకటి అయిపోయింది. తెర మీద ఏం జరుగుతోందో నేను చూడనే లేదు. చాలాసేపటికి చీకట్లో కర్ర చప్పుడు వినిపించింది. నాన్న వచ్చి బేగం బీ పక్కన కూలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. రెండు చేతులూ ఖాళీ.

"సమోసాలేవి అన్నయ్యా?" అంది బేగం బీ.

"గెలిచాను," అన్నాడు నాన్న.